కళ్ళు మూసుకుని కొనే కారు

అమెరికా వచ్చిన తెలుగువాడు ఇక్కడ కొనే మొదటి పెద్ద వస్తువు సాధారణంగా ఓ పాత కారు. దాని గురించి అతనికి దొరికే మొదటి సలహా కూడా దాదాపు ఒకటే: "టొయోటానా, హోండానా? అయితే కళ్ళు మూసుకుని కొనెయ్!" నేను ఈ దేశంలో అడుగుపెట్టిన వారంలోనే ఈ మాట విన్నాను. మొన్నీమధ్య మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఓ కుర్రాడికి ఇంకో కుర్రాడు సరిగ్గా ఇదే మాట చెప్తుంటే మళ్ళీ విన్నాను. మధ్యలో ఎన్నో మారాయి కానీ సలహా మాత్రం మారలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త కారు కొనేవాడికి ఈ సలహా ఇస్తే పెద్ద నష్టమేమీ లేదు. పది పదిహేనేళ్ళు తిరిగిన కారు కొనేవాడికి మాత్రం ఇది పనికిరాదు. అంత వయసొచ్చాక కారు ఎంత నమ్మకంగా నడుస్తుందన్నది దాని ముక్కు మీదున్న గుర్తుని బట్టి ఉండదు. ఆ ఒక్క కారుని ఇన్నాళ్ళూ ఎవరు ఎలా చూసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ చరిత్రని తవ్వి తీయడం మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా చేతనైన పని. ఎవరో రాసి వదిలేసి పోయిన పాత కోడ్ మన నెత్తిన పడ్డప్పుడు మనం చేసేది అదే కదా! అయినా కారు దగ్గరికొచ్చేసరికి చెయ్యం. ఎందుకు చెయ్యమన్న దాని మీద నాకో అనుమానం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పాత కారు కొనడం బీదవాళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2025లో ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ వాళ్ళు వేసిన లెక్క ప్రకారం అమెరికా రోడ్ల మీద తిరుగుతున్న బళ్ళ సగటు వయసు 12.8 ఏళ్ళు. అంటే మన పక్కన సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలో పుష్కరం దాటినవి బోలెడు. 2021లో చిప్పుల కొరత వచ్చి కొత్త కార్లు తగ్గిపోయాక పాతవాటి ధరలు చుక్కలు చూశాయి. ఒకప్పుడు మూడు వేల డాలర్లు పెడితే నిక్షేపంలాంటి కారు వచ్చేది. ఇప్పుడు విద్యార్థులు ఐదారు వేలు పెట్టి, అదీ ఇండియాలో తీసుకున్న అప్పులోంచి పెట్టి కొంటున్నారు. ఆరు వేలకి కొన్న కారుకి ఆరో నెలలో నాలుగు వేల డాలర్ల ట్రాన్స్‌మిషన్ బిల్లు వస్తే ఆ సెమిస్టరు ఏమవుతుందో ఊహించుకోండి. జనవరి రాత్రి హైవే మీద, చుట్టూ మంచు, వెనక సీట్లో పసిపిల్ల ఉండగా కారు ఆగిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి 'బాత్‌టబ్ గీత' గుర్తుండే ఉంటుంది. ఏ యంత్రమైనా కొత్తలో తయారీ లోపాల వల్ల కొంచెం ఎక్కువ చెడుతుంది. తర్వాత చాలాకాలం నిలకడగా ఉంటుంది. చివర్లో అరుగుదల వల్ల మళ్ళీ ఎక్కువగా చెడుతుంది. గీస్తే స్నానాల తొట్టిలా కనిపిస్తుంది. కన్స్యూమర్ రిపోర్ట్స్ లాంటి పత్రికలు సర్వేలు చేసి ఇచ్చే మార్కులు ఒక మోడల్‌కి సంబంధించిన సగటు. ఆ సగటు తొట్టి అడుగున, అంటే మొదటి ఏడెనిమిదేళ్ళలో, బాగా పనికొస్తుంది. ఎందుకంటే అప్పుడు కార్ల మధ్య తేడాలు తక్కువ. తొట్టి కుడి అంచు ఎక్కుతున్నకొద్దీ ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు పుట్టిన రెండు కార్లు రెండు వేర్వేరు జాతుల్లా తయారవుతాయి. ఒకదానికి ఐదు వేల మైళ్ళకోసారి ఆయిల్ మార్చారు, ఇంకోదానికి దీపం వెలిగినప్పుడు మార్చారు. మనం కొనేది సగటుని కాదు, ఆ రెంటిలో ఏదో ఒకదాన్ని.

ఇక ఆ సగటైనా బ్రాండు మొత్తానికీ ఒకటిగా ఉండదు. 2007 నుంచి 2009 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల క్యామ్రీనే తీసుకోండి. అందులోని 2.4 లీటర్ల ఇంజిన్‌లో పిస్టన్ రింగుల తేడా వల్ల ఆయిల్ తాగేసే జబ్బుంది. టొయోటాయే దీన్ని గుర్తించి కొంతకాలం పిస్టన్లూ రింగులూ ఉచితంగా మార్చి ఇచ్చింది. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది కానీ ఆ కార్లు ఇంకా అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. 2006 నుంచి 2008 దాకా వచ్చిన సివిక్‌లలో, 2009 మొదట్లో వచ్చిన కొన్నింటిలోనూ, ఇంజిన్ బ్లాకు పగిలి కూలెంట్ కారేది. హోండా ఆ బ్లాకుల వారంటీని పదేళ్ళకి పొడిగించింది. ఇప్పుడు అది కూడా లేదు. మన కుటుంబాలకి ప్రీతిపాత్రమైన ఒడిస్సీ సంగతి ఇంకోటి. దాని వీ-6 ఇంజిన్‌ని నడిపేది గొలుసు కాదు, రబ్బరు టైమింగ్ బెల్టు. లక్ష మైళ్ళకో, ఏడేళ్ళకో దాన్ని మార్చుకోవాలి, దానికి దగ్గర దగ్గర వెయ్యి డాలర్లవుతుంది. మార్చకుండా పోతూ ఉంటే ఒకరోజు అది తెగుతుంది. తెగినప్పుడు వాల్వులు వెళ్ళి పిస్టన్లని కొట్టుకుంటాయి, ఇంజిన్ పని అయిపోతుంది. లక్షా ఇరవై వేల మైళ్ళ ఒడిస్సీని అమ్మేవాణ్ణి "బెల్టు ఎప్పుడు మార్చారు?" అని అడిగితే "అది బాగానే ఉందండీ, ఎప్పుడూ ప్రాబ్లం ఇవ్వలేదు" అన్నాడనుకోండి, ఆ జవాబు ఖరీదు వెయ్యి డాలర్లు. ధరలోంచి తగ్గించుకోండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2011 నుంచి 2014 దాకా వచ్చిన హ్యుందాయ్ సొనాటాల ఇంజిన్లకి చెడ్డపేరు వచ్చింది. తయారీలో మిగిలిపోయిన లోహపు పొట్టు బేరింగులకి నూనె అందకుండా చేస్తోందని 2015లోనూ 2017లోనూ రీకాల్ చేశారు. అందుకని మనవాళ్ళు ఆ పేరు వింటేనే ఆమడ దూరం పారిపోతారు. కానీ డీలర్ దగ్గర ఇంజిన్ మార్పించిన రసీదు చేతిలో ఉన్న సొనాటాకీ, కాగితం ముక్క లేని క్యామ్రీకీ మధ్య ఎంచుకోమంటే నేను సొనాటా వైపు మొగ్గుతాను. ఈ మాటంటే స్నేహితులు నన్ను వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మైళ్ళ గురించి ఓ మాట. "పద్నాలుగేళ్ళ కారు, అరవై వేల మైళ్ళే!" అని లొట్టలేసుకుంటూ చెప్తారు. ఏడాదికి నాలుగు వేల మైళ్ళు తిరిగిన కారంటే ఇంటి నుంచి కూరగాయల కొట్టుకీ, కొట్టు నుంచి ఇంటికీ తిరిగిన కారు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంటే ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోదు. గొట్టాలు, సీళ్ళు, బెల్టులు, టైర్లు మైళ్ళతో పనిలేకుండా వయసుతోనే ఎండిపోతాయి. టైరు పక్కన 'డాట్' అని మొదలయ్యే గొలుసు చివర నాలుగంకెలు చూడండి. 3516 అని ఉంటే 2016లో 35వ వారంలో పుట్టిందన్నమాట. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ టైరుని నమ్ముకుని హైవే ఎక్కకూడదు. హైవే మీద లక్షా అరవై వేల మైళ్ళు తిరిగి, వేళకి సర్వీసింగ్ జరిగిన కారు దీనికంటే ఆరోగ్యంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. అసలు ఆ అరవై వేలు నిజమేనా అన్నది వేరే ప్రశ్న. మైళ్ళు తిప్పేసి అమ్మే కార్లు ఏటా 4,50,000 పైచిలుకు ఉంటాయని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ అంచనా. పైగా 2010, అంతకు ముందు మోడళ్ళకి మైళ్ళు ఇన్ని అని రాసి సంతకం పెట్టాల్సిన ఫెడరల్ నిబంధన ఇప్పుడు వర్తించదు. 2011 మోడల్ నుంచి మాత్రం ఆ బాధ్యత 20 ఏళ్ళ దాకా ఉంటుంది.

సరే, చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? అందరికీ తెలిసింది కార్‌ఫాక్స్. అది అవసరమే కానీ దాని పరిమితి తెలుసుకుని చదవాలి. ఎవరో ఒకరు నమోదు చేసినవే అందులో ఉంటాయి. ఇన్సూరెన్సుకి చెప్పకుండా సందులో షాపులో బాగు చేయించిన యాక్సిడెంటు అందులో కనిపించదు. ఇంటి ముందు స్వయంగా ఆయిల్ మార్చుకునే జాగ్రత్తపరుడి కష్టమూ కనిపించదు. అందుకే నేను రసీదులకి ఎక్కువ విలువిస్తాను. ఒక కవర్లో నలిగిపోయిన ఇరవై రసీదులుంటే వాటిని తేదీల వారీగా పేర్చి చూడండి. మైళ్ళు ఒక క్రమంలో పెరుగుతున్నాయా? ఏడాదిన్నర పాటు ఏమీ లేదా? ఒకే ఫిర్యాదు మీద మూడుసార్లు షాపుకెళ్ళిందా? బగ్ రిపోర్టులు చదివిన కళ్ళకి ఇది పెద్ద కష్టం కాదు.

17 అక్షరాల విన్ నెంబరుని ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో కొడితే ఆ కారుకి చెయ్యకుండా మిగిలిపోయిన రీకాళ్ళు పైసా ఖర్చు లేకుండా చూపిస్తుంది. దీన్ని మాత్రం దయచేసి వదిలెయ్యకండి. తకాటా ఎయిర్‌బ్యాగుల కథ తెలిసే ఉంటుంది. లోపలి అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికీ ఉక్కకీ పాడైపోయి, బ్యాగు విచ్చుకోవాల్సిన క్షణంలో ఇనప డబ్బా పేలి ముక్కలు మొహం మీదికి వస్తాయి. అమెరికాలో సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లని వెనక్కి పిలిచారు. ఉక్కపోత రాష్ట్రాల్లో తిరిగిన పాత కార్లకే ప్రమాదం ఎక్కువ. అంటే టెక్సస్, ఫ్లోరిడాలలో మనవాళ్ళు చేతులు మార్చుకునే కార్లన్నమాట. డీలర్ ఉచితంగా మారుస్తాడు. మార్పించకుండా అమ్ముతున్నవాడు మిగతా విషయాల్లో ఎంత శ్రద్ధగా ఉన్నాడో ఆలోచించుకోండి.

2005లో కట్రీనా, 2012లో శాండీ, 2017లో హార్వీ, 2022లో ఇయన్... ప్రతి తుఫాను తర్వాతా నీట మునిగిన కార్లు కడిగి ఆరబెట్టి వేరే రాష్ట్రాలకి చేరుతుంటాయి. సీటు బెల్టుని చివరంటా బయటికి లాగి చూడండి. నీటి మరక కడగడం మర్చిపోయే చోటు అదే. సీటు పట్టాల కింద ఒండ్రు, కార్పెట్ కింద ముక్క వాసన కూడా. టైటిల్ మీద 'శాల్వేజ్', 'రీబిల్ట్' లాంటి ముద్రలు ఉన్నాయేమో చూడ్డం ఎలాగూ తప్పదు. టైటిల్ మీద పేరూ అమ్మేవాడి లైసెన్సు మీద పేరూ ఒకటేనా అన్నది కూడా అడగండి. "మా కజిన్ కారండీ, నేను అమ్మిపెడుతున్నా" అంటే ఆ కజిన్‌తోనే మాట్లాడండి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వద్దాం. 1996 మోడల్ నుంచీ అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఓబీడీ-2 ప్రమాణం తప్పనిసరి. స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చే బ్లూటూత్ ముక్క ఇరవై ముప్ఫై డాలర్లకి దొరుకుతుంది, ఫోనులో ఓ ఆప్ ఉంటే చాలు. మనవాళ్ళు చాలామంది దీన్ని కొంటారు, గుచ్చుతారు, 'కోడ్లు లేవు' అని కనపడగానే సంతోషించి పీకేస్తారు. కానీ కోడ్లు లేకపోవడం రెండు రకాలు. జబ్బు లేక కోడ్లు లేకపోవడం ఒకటి. అమ్మేవాడు పొద్దున్నే అదే ఇరవై డాలర్ల ముక్కతో చెరిపేయడం రెండోది. ప్రొడక్షన్ సర్వర్ మీద లాగ్ ఫైలు ఖాళీగా కనిపిస్తే మనం "ఆహా, ఎర్రర్లే లేవు" అంటామా? "లాగ్ ఎవడు తుడిచాడు?" అంటాం.

తుడిచాడో లేదో కారే చెప్తుంది. క్యాటలిస్టు, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ఆవిరిని పట్టే ఏర్పాటు, ఇలా ఒక్కోదానికీ కారు కంప్యూటర్ తనంతట తానే పరీక్షలు పెట్టుకుంటుంది. వీటిని రెడీనెస్ మానిటర్లంటారు. కోడ్లు చెరిపితే ఈ పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోయి 'పూర్తి కాలేదు' అని చూపిస్తాయి. మళ్ళీ పూర్తవ్వాలంటే చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి ఊళ్ళోనూ హైవే మీదా కొన్నాళ్ళు తిరగాలి. కనక కోడ్లు సున్నా, మానిటర్లు నాలుగైదు అసంపూర్తి అని వచ్చిందంటే ఏదో జరిగింది. అది దొంగతనమే అయ్యుండక్కర్లేదు. బ్యాటరీ మార్చినా చాలా కార్లలో ఇలాగే అవుతుంది. కొత్త బ్యాటరీ రసీదు చూపిస్తే సరే. లేకపోతే "ఓ వారం నడపండి, మళ్ళీ వస్తాను" అని నవ్వుతూ చెప్పి రండి. ఆ వారం ఆగడానికి అవతలివాడు ఎంత ఇబ్బంది పడుతున్నాడో చూస్తే మీకు కావలసిన సమాచారం సగం వచ్చేసినట్టే.

ఇంకో రెండు అంకెలు చాలా ఆప్‌లలో దొరుకుతాయి. కోడ్లు చెరిపాక కారు ఎంత దూరం తిరిగింది, ఎన్నిసార్లు చల్లబడి వేడెక్కింది అన్నవి. మొదటిది రెండు బైట్లు, అంటే గరిష్ఠంగా 65,535 కిలోమీటర్లు. రెండోది ఒకటే బైటు, 255 దగ్గర ఆగిపోతుంది. ఈ లెక్క చూస్తే మనలాంటివాళ్ళకి ప్రాణం లేచొస్తుంది కదా! రెండూ పైదాకా వెళ్ళి ఆగి ఉంటే ఆ కారు జోలికి చాలాకాలంగా ఎవరూ పోలేదని అర్థం. చెరిపి 40 కిలోమీటర్లే అయిందంటే నిన్ననో ఇవాళ పొద్దున్నో ముహూర్తం పెట్టారన్నమాట. 2010 మోడళ్ళతో మొదలై కొద్ది ఏళ్ళలో అన్ని కార్లకీ 'పర్మనెంట్ కోడ్లు' వచ్చాయి. చెక్ ఇంజిన్ లైటు వెలిగించిన కోడ్లని కంప్యూటర్ విడిగా దాచుకుంటుంది. వాటిని ఏ స్కానరూ చెరపలేదు. జబ్బు తగ్గిందని కారు తనకు తాను పరీక్ష పెట్టుకుని నెగ్గితేనే పోతాయి. ఆప్‌లో ఆ పేజీ ఎక్కడుందో ఇంటి దగ్గరే వెతికి పెట్టుకోండి.

అలాగని ఇదే సర్వస్వం అనుకుంటే దెబ్బతింటాం. ఆయిల్ తాగే ఇంజిన్‌కి కోడ్ రాకపోవచ్చు. తెగబోయే టైమింగ్ బెల్టుకీ రాదు. తుప్పుకి అసలే రాదు. తుప్పు గురించి మనవాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే మన ఊళ్ళలో రోడ్డు మీద ఉప్పు చల్లరు. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వైపు నాలుగు నెలలు ఉప్పునీళ్ళలో తిరిగిన కారు పైకి మెరుస్తూనే ఉంటుంది, అడుగు మాత్రం పొరలు పొరలుగా రాలుతుంటుంది. బ్రేకు గొట్టాలూ, సబ్‌ఫ్రేమూ తినేశాక ఇంజిన్ ఎంత బాగున్నా ఏం లాభం? టొయోటా తన 1995-2000 నాటి టకోమాల్లో ఫ్రేములు తుప్పుపట్టి పాడైతే 2008లో చాలావాటిని వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. ఒంగుని, ఫోను లైటు వేసి కింద చూడండి. బట్టలు మాసినా ఫరవాలేదు.

మిగతావి చాలాచోట్ల చదివే ఉంటారు, గబగబా చెప్పేస్తాను. వెళ్ళేటప్పటికి ఇంజిన్ చల్లగా ఉండాలి. హుడ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఎందుకు ముందే స్టార్ట్ చేశారో అడగండి. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఆగకుండా తెల్లగా తీపి వాసనతో వస్తే కూలెంట్. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మాడిన వాసన వస్తే అక్కడితో నమస్కారం. టెస్ట్ డ్రైవ్‌లో పాటలు పెట్టనివ్వకండి.

ఇంతా చేసి, చివర్లో ఏ సంబంధమూ లేని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి లిఫ్టు మీద ఎక్కించి చూపించాలి. నూట యాభై నుంచి రెండొందల యాభై డాలర్ల దాకా అవుతుంది. పైన చెప్పినవన్నీ ఈ డబ్బు ఏ కారు మీద పెట్టాలో తేల్చుకోవడానికే. నూటికి తొంభైమంది ఇక్కడే ఆగిపోతారని నా అనుభవం. డబ్బు గురించి కాదు. మొహమాటం!

ఇందాక అన్న అనుమానం ఇదే. మనం కార్లు ఎక్కువగా మనవాళ్ళ దగ్గరే కొంటాం. 'దేశీ ఓన్డ్, ఐటీ ప్రొఫెషనల్, లేడీ డ్రివెన్' అని ప్రకటనల్లో రాసుకుంటాం, అవేవో సర్వీసు రికార్డులైనట్టు. అన్నయ్య గారి ఇంటికి వెళ్తాం. వదిన గారు కాఫీ ఇస్తారు. మీదే ఊరంటే మీదే ఊరనుకుంటాం. ఆ తర్వాత "అన్నయ్యా, ఓసారి మెకానిక్‌కి చూపించుకుంటాను" అనడానికి నోరు రాదు. అన్నా, "అంటే మా మీద నమ్మకం లేదా తమ్ముడూ?" అని వినాల్సి వస్తుంది. నిజానికి ఆ అన్నయ్య మోసగాడు కాడు. చాలామందికి తమ కారులో ఏముందో తమకే తెలియదు, అంతే. ఆయన మంచితనం ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని శుభ్రం చెయ్యదు కదా.

మన ఊళ్ళో ఇంత మొహమాటం ఉండేది కాదు. పాడిగేదెని కొనేవాడు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, రెండు పూటలా దగ్గరుండి పాలు పితికించి చూస్తాడు. సొంత బావమరిది గేదె అయినా సరే. అమ్మేవాడు దాన్ని అవమానం అనుకోడు. చెరువులో బర్రెని చూపించి గట్టు మీద బేరమాడితేనే నవ్వుతారు. షాంపూతో కడిగి, లోపల సెంటు కొట్టి పార్కింగ్ లాట్‌లో నిలబెట్టిన కారు చెరువులో బర్రె కంటే ఎక్కువేం కనబడుతుంది?

జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సరిగ్గా పాత కార్ల బజారు మీదే ఓ వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పి పంపితే నాలుగోది వేసుకుంది. 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పిందేమిటంటే, కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కనక కొనేవాడు మధ్యస్థపు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు, తప్పుకుంటాడు. మిగిలేవి చెడ్డవే. దాంతో ధర ఇంకా పడుతుంది. ఆ వ్యాసంలో మన ప్రస్తావన కూడా ఉంది. ఇండియాలో బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్ళు కావాలని కలిపితే ఇల్లాలు కూర్చుని ఏరుకోవాల్సి రావడం గురించి రాశాడు. మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని ఏరుతుంటే కొట్టు శెట్టిగారిని అనుమానిస్తోందని ఎవరూ అనుకోలేదు. అన్నం వండేముందు చేసే పని అది, అంతే.

ఎకర్లాఫ్ లెక్కని మన దేశీ బజారుకి అన్వయిస్తే నాకు కనిపించేది ఇది: మన మొహమాటం వల్ల ఎక్కువ నష్టపోయేది నిజాయితీపరుడైన అన్నయ్యే. వేళకి ఆయిల్ మార్చి, రసీదులు దాచుకుని, బెల్టు మార్పించిన ఆయనకీ, ఏమీ చెయ్యని పక్కింటాయనకీ ఒకటే రేటు వస్తుంది. చూసేవాడు ఎవడూ లేడు కనక. మెకానిక్‌కి చూపించడం మనలో ఆనవాయితీ అయితే ఆయన కారుకి ఐదొందలు ఎక్కువ రావచ్చు. అందుకే ముందడుగు అమ్మేవాళ్ళు వెయ్యాలంటాను. "మీకు నచ్చిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి, తాళాలు ఇవిగో" అని ప్రకటనలోనే రాస్తే, కుర్రాళ్ళకి నోరు తెరిచి అడిగే ఇబ్బంది తప్పుతుంది.

"తొందరలో ఉన్నవాడికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయండీ?" అంటారు. నిజమే. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయిన హెచ్-1బీ వాళ్ళకి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రెండు నెలల్లో పిల్లల బడి, ఇల్లు, టికెట్లు, వాటితోపాటు కారు. అలాంటివాళ్ళు అమ్మే కార్లలో నిజంగా బంగారంలాంటివి ఉంటాయి, ధర కూడా తగ్గిస్తారు. కానీ మెకానిక్ దగ్గర పట్టేది గంటో రెండు గంటలో. 60 రోజుల్లో రెండు గంటలు దొరకవా? ఆ స్థితిలో ఉన్న మనిషితో ప్రతి చిన్నదానికీ గీచి గీచి బేరమాడటం మాత్రం నాకు నచ్చదు. రిపోర్టు చూపించండి, న్యాయమైన ధర ఇవ్వండి.

న్యాయమైన ధర అంటే? అడిగిన ధరకి రాబోయే ఏడాదిలో తప్పనిసరిగా పెట్టాల్సిన ఖర్చు కలపండి. ఐదు వేల ఐదొందల కారుకి నాలుగు టైర్లు, బ్రేకులు, ఓ టైమింగ్ బెల్టు కలిస్తే అది ఏడున్నర వేల కారు. పక్కన ఏడు వేలకి ఇవన్నీ అయిపోయిన కారుంటే అదే చవక. రోజూ యాభై మైళ్ళు హైవే మీద వెళ్ళేవాడికీ, క్యాంపస్ చుట్టూ తిరిగేవాడికీ ఒకే కారు నప్పదు. డీలర్ దగ్గర కొంటే కిటికీకి అంటించిన 'బయ్యర్స్ గైడ్' చదవండి. 'యాజ్ ఈజ్' అన్న గడిలో టిక్కు ఉంటే గేటు దాటాక అతనికీ మీకూ సంబంధం లేదు. రాష్ట్రాల లెమన్ చట్టాలు చాలావరకు కొత్త కార్లకే.

నా కారుకిప్పుడు పదమూడేళ్ళు. వచ్చే వేసవిలో అమ్ముదామనుకుంటున్నాను. గ్లవ్‌బాక్స్‌లో ఓ కవరుంది, అందులో మొదటి ఆయిల్ చేంజ్ నుంచి మొన్నటి బ్రేకుల దాకా రసీదులున్నాయి. కవరు మీద పెన్సిల్‌తో రెండు లైన్లు రాసి పెట్టాను: వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ కొద్దిగా చెమరుస్తోంది, కుడివైపు వెనక తలుపు గొళ్ళెం చలికాలంలో ఒక్కోసారి పట్టదు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి కాఫీ ఇస్తాం, కవరు కూడా ఇస్తాం. మెకానిక్‌ని వాళ్ళు తెచ్చుకోవాలి.